మగ్దలేనే మరియ: ఒక పేరిట మువ్వురు స్త్రీలు

ఐరోపా చిత్రశాలలలో మగ్దలేనే మరియ చిత్రములు లెక్కకు మిక్కిలిగా నున్నవి. వానిని చూచువారు ఆమెను గుర్తించుటకై చిత్రము క్రింద వ్రాసిన పేరు చదువ నక్కఱలేదు. విరబోసికొన్న జుట్టు, చేతనో ప్రక్కనో ఒక అత్తరు బుడ్డి, ఆకాశమువంక నెత్తిన కన్నీటి కన్నులు, ఒక్కొక్కచో ఒక పుఱ్ఱె. ఇవి యామె గుర్తులు. పూర్వజీవితమున వేశ్యయై యుండి, యేసుక్రీస్తు దయవలన పశ్చాత్తాపము నొందిన స్త్రీ యని వీని భావము. పాశ్చాత్య క్రైస్తవలోకము దాదాపు పదునాలుగు శతాబ్దులు ఆమెను ఇట్లే యెఱిగినది. మన దేశమునను ఈ పేరు విన్నవారిలో పెక్కురకు మొదట తోచునది ఈ కథయే. ప్రసంగములలో నేటికిని ఇది వినవచ్చుచున్నది.

ఐనను నాలుగు సువార్తలను మొదటినుండి తుదివఱకు చదివినను, మగ్దలేనే మరియ వేశ్య యన్న మాట ఎచ్చటను కానరాదు. ఆమె పాపిని యన్న మాటయు లేదు. మఱి యీ కథ ఆమెకు ఎట్లంటినది? ఎవరు అంటించిరి? ఎప్పుడు తొలగినది? ఈ వ్యాసమున మేము విచారింపబూనినది ఇంతమాత్రమే. ఇది విశ్వాసవిచారము గాదు. ఒక పేరునకును ఒక కథకును ఏర్పడిన సంబంధమును గూర్చిన విచారము. ప్రాచీన గ్రంథములను పరిష్కరించుట, కవుల చరిత్రలను నిర్ణయించుట వృత్తిగా గలవారికి ఇందలి చిక్కులు క్రొత్తవి కావు.

మొదట మూలగ్రంథము చెప్పునది చూతము. ‘మగ్దలేనే’ యను విశేషణముతో ఈమె పేరు నాలుగు సువార్తలలోను కలిసి 12 చోట్ల వచ్చినది. వానిలో 11 స్థలములు యేసు సిలువమరణమునకో, సమాధికో, పునరుత్థానమునకో సంబంధించినవి. శిష్యులు పాఱిపోయినపుడు దూరమునుండి చూచుచు నిలిచిన స్త్రీలలో ఈమె పేరు మార్కు, మత్తయి సువార్తలలో మొదట చెప్పబడినది. దేహమును ఎచ్చట నుంచిరో చూచినది ఈమె. ఆదివారమున తెల్లవాఱుచుండగా సమాధికడకు పోయినది ఈమె. యోహాను సువార్త ప్రకారము లేచిన యేసును మొట్టమొదట చూచినదియు ఈమెయే. మిగిలిన ఒక్క స్థలము లూకా సువార్త 8వ అధ్యాయమున నున్నది. ఏడు దయ్యములు వదలిపోయిన మగ్దలేనే మరియయు, హేరోదు గృహనిర్వాహకుడైన కూజా భార్య యోహన్నయు, సూసన్నయు, మఱి యితర స్త్రీలును యేసు వెంట నుండి, తమకు గల సొమ్ముతో ఉపచారము చేయుచుండిరని అందు కలదు.

ఇందు గమనింపదగిన విషయములు రెండు. ఒకటి, ఆమె చేతిలో ధనము కలదు. పరివ్రాజకులైన గురుశిష్యుల పోషణమునకు తోడ్పడగల స్థితి కలదు. రెండవది, సువార్తలలోని ఇతర మరియలు పురుషుని పేరుతో గుర్తింపబడిరి: యాకోబు తల్లి మరియ, క్లోపా భార్య మరియ. ఈమె మాత్రము ఎవరి తల్లియు, ఎవరి భార్యయు, ఎవరి సోదరియు గాక, ఊరి పేరుతోనే పేర్కొనబడినది.

దయ్యములు ఏడను మాటనుబట్టి పిమ్మటివారు చాల కల్పించిరి. కాని సువార్తల భాషలో దయ్యము పట్టుట యనగా రోగము, ముఖ్యముగా మూర్ఛ, మూగతనము, మతిచాంచల్యము వంటివి. మూగవానికి దయ్యము పట్టినదని చెప్పిరేగాని, వాడు దుర్నీతుడని ఎవరును చెప్పలేదు. ఏడను సంఖ్య వ్యాధి తీవ్రతను తెలుపును. అదే వాక్యమున యోహన్న, సూసన్న మున్నగువారును దురాత్మలనుండియు వ్యాధులనుండియు స్వస్థపడినవారిగనే చెప్పబడిరి. రాజోద్యోగి భార్యయైన యోహన్నను ఎవరును శంకింపలేదు.

ఇక పేరు. ‘మరియ’ యనునది హీబ్రూ ‘మిర్యాము’నకు గ్రీకుద్వారా వచ్చిన రూపము. మోషే సోదరి పేరది. హస్మోనీయ వంశపు రాకుమార్తెయు, హేరోదు భార్యయు నగు మరియమ్నె పేరును ఇదియే. మొదటి శతాబ్దమున యూదయ, గలిలయ ప్రాంతములలో స్త్రీలకు ఇంతకంటె విరివిగా పెట్టిన పేరు లేదు. ఒక వీథిలో మరియా యని పిలిచినచో నలుగురు వెనుదిరిగి చూచెడివారని చెప్పినను అతిశయోక్తి కాదు. అందుచేతనే విశేషణముల అవసరము కలిగినది. ‘మగ్దలేనే’ యనునది గ్రీకున స్త్రీలింగ తద్ధితరూపము. మగ్దలకు చెందిన స్త్రీ యని అర్థము. తెలుగు సత్యవేదమున ఆ గ్రీకు ప్రత్యయము అట్లే నిలిచిపోయినది గావున, కొందఱు మగ్దలేనే యనునది ఊరి పేరని భ్రమపడుదురు. ఊరు మగ్దల. అరమాయిక భాషలో ఆ పదమునకు బురుజు అని అర్థము. హీబ్రూ ‘మిగ్దోల్’ దాని జ్ఞాతిపదము. గలిలయ సముద్రపు పడమటి తీరమున, తిబెరియకు ఉత్తరమున కొలది దూరములో ఈ యూరి శిథిలములు కలవు. చేపలను ఉప్పువేసి నిలువచేయుటకు ప్రసిద్ధమని గ్రీకువారు తరికేయ యని పిలిచిన పట్టణము ఇదియేయని పెక్కుర మతము. 2009లో అచ్చట మొదటి శతాబ్దమునాటి యూదుల సమాజమందిరమొకటి త్రవ్వకములలో బయల్పడినది. ఏడుకొమ్మల దీపస్తంభము చెక్కిన రాయి యొకటి అందు దొరకినది. మరియ కాలమున అది సామాన్యమైన పల్లె గాదు, సంపన్నమైన పట్టణమే. నాలుగవ శతాబ్దివాడైన జెరోము మాత్రము ఊరిని విడిచి పదార్థమునే గ్రహించి, విశ్వాసదార్ఢ్యముచేత ఆమెకు బురుజు వంటిదను పేరు వచ్చినదని చెప్పెను. సైమోనునకు రాయి యను నర్థమున పేతురను బిరుదము వచ్చినట్లే ఇదియు బిరుదమని వాదించు పరిశోధకులు నేడును కలరు. పదము యౌగికమా, రూఢమా యను ఈ వివాదము మనకు సుపరిచితమే.

ఇపుడు తక్కిన యిద్దఱు స్త్రీలను చూతము.

లూకా సువార్త 7వ అధ్యాయమున సీమోనను పరిసయ్యుని యింట యేసు భోజనమునకు కూర్చుండగా, ఆ యూరి స్త్రీ యొకతె అత్తరు బుడ్డితో వచ్చి, వెనుక నిలిచి యేడ్చుచు, కన్నీటితో ఆయన పాదములను తడిపి, తలవెండ్రుకలతో తుడిచి, అత్తరు పూసెను. ఆమె పాపాత్మురాలని లూకా చెప్పెను, పేరు చెప్పలేదు. ఏ పాపమో చెప్పలేదు. గ్రీకున నున్న పదము ‘హమర్తోలోస్’. గుఱి తప్పుట యను నర్థమిచ్చు ధాతువునుండి పుట్టినది. ఇదే సువార్త 5వ అధ్యాయమున పేతురు యేసు మోకాళ్లయెదుట పడి తన్నుగూర్చి తాను చెప్పుకొన్న మాటయు ఇదియే. పురుషుడు పాపాత్ముడనని చెప్పుకొన్నచో అది వినయ మయ్యెను. స్త్రీని పాపాత్మురాలనినచో వ్యాఖ్యాతలకు ఒక్క పాపమే తోచెను. ఊరివారందఱికి తెలిసిన పాపమగుటచే అది వ్యభిచారమే కావచ్చునని ఊహించుటకు అవకాశము లేకపోలేదు. కాని అది ఊహయే.

మూడవది బేతనియ మరియ. మార్తకును లాజరునకును సోదరి. యోహాను సువార్త 12వ అధ్యాయమున ఈమె మిక్కిలి వెలగల జటామాంసి అత్తరు నొక సేరు తెచ్చి యేసు పాదములకు పూసి, తలవెండ్రుకలతో తుడిచెను. దానిని 300 దేనారములకు అమ్మి బీదలకు ఇయ్యరాదా యని యూదా ఆక్షేపించినది ఈ సందర్భముననే. ఈ కుటుంబము యెరూషలేము చెంత నివసించునది. మగ్దల యెరూషలేమునకు ఉత్తరమున 100 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. బేతనియ మరియకు పాపము గాని దయ్యము గాని సువార్తికు లెవరును అంటగట్టలేదు.

ఈ మువ్వురును ఒక్కతె యగుటకు చాలినన్ని దారములు మూలముననే కలవు. లూకా 7లోని పాపాత్మురాలును, యోహాను 12లోని మరియయు చేసిన పని ఒక్కటే: అత్తరు, పాదములు, వెండ్రుకలు. మార్కు, మత్తయి ఈ బేతనియ కథనే పేరులేని స్త్రీపై చెప్పి, అది కుష్ఠరోగియైన సీమోను ఇంట జరిగినదనిరి. లూకాలోని ఇంటి యజమానియు సీమోనే. ఇట్లు రెండు కథలును పెనవేసికొన్నవి. బేతనియ స్త్రీకి మరియ యను పేరుండుటచే మగ్దలేనే మరియతో ముడిపడుట సులభమైనది. దీనికి తోడు, లూకా 7వ అధ్యాయము పేరులేని పాపాత్మురాలితో ముగియును; 8వ అధ్యాయము మగ్దలేనే మరియ పేరుతో ఆరంభమగును. వరుసగా చదువువానికి రెండవది మొదటిదాని వివరణమువలె తోచుట సహజము. మఱియు మగ్దలేనే సమాధియొద్ద ఏడ్చినదని యోహాను చెప్పెను. దేహమునకు పూయుటకు సుగంధద్రవ్యములు కొన్నదని మార్కు చెప్పెను. కావున చిత్రములలోని కన్నీరును, సుగంధమును ఆమెకు పరాయివి కావు. అయితే ఆ కన్నీరు తన పాపమునకై కార్చినది గాదు, కానరాని దేహమునకై కార్చినది. ఆ సుగంధము విలాసమునకు గాదు, ప్రేతోపచారమునకు.

మన సాహిత్యచరిత్రలో ఇట్టివి లేకపోలేదు. కర్త తెలియని శృంగార చాటుపద్యము కనబడినపుడెల్ల లోకము దానిని శ్రీనాథునకు కట్టిపెట్టినది. తరువాత ఆ పద్యములనుండియే శ్రీనాథుని శీలమును నిర్ణయించుట జరిగినది. ప్రసిద్ధమైన పేరు చెంత నున్నపుడు, పేరులేని కథ దిక్కులేకుండ నిలువదు. పోయి దానిని ఆశ్రయించును. మగ్దలేనే విషయమునను ఇదే జరిగినది. కాని అచ్చట పరిణామము చాటువులతో ఆగలేదు.

తొలి శతాబ్దుల వ్యాఖ్యాతలలో ఏకాభిప్రాయము లేదు. లూకా చెప్పిన స్త్రీయు బేతనియ మరియయు ఒక్కతెయే యని అగస్టీను తలచెను గాని, మగ్దలేనేను వారితో కలపలేదు. కలిపి సిద్ధాంతము చేసినవాడు మొదటి గ్రెగొరీ పోపు. ఆయన సువార్తలపై చేసిన ప్రసంగములలో 33వది 591లో రోములో చేసినది. లూకా పాపాత్మురాలనినదియు, యోహాను మరియ యనినదియు, ఏడు దయ్యములు వదలినవని మార్కు చెప్పినదియు ఒక్క స్త్రీయే యని ఆయన అందు చెప్పెను. ఏడు దయ్యములనగా సకల దుర్గుణములే యనెను. ఆమె పూర్వము తన శరీరమున పూసికొన్న అత్తరునే ఇపుడు దేవునికి అర్పించెనని వర్ణించెను. వేశ్యాకథకు బీజము ఈ వాక్యమున నున్నది.

ఆ ప్రసంగమున గ్రెగొరీ వాడిన క్రియను గమనింపవలెను. లాటినున ‘క్రెదిముస్’ అనెను. ‘మేము నమ్ముచున్నాము’ అని అర్థము. గ్రంథము చెప్పుచున్నదని ఆయన యనలేదు. ఆయన పోపు పదవికి వచ్చిన 590లో రోమునగరము మహామారితో తల్లడిల్లుచుండెను. పూర్వపు పోపు ఆ వ్యాధితోనే మరణించెను. లంబార్డుల భయ మొకప్రక్క. అట్టి జనమునకు పశ్చాత్తాపము బోధించువానికి, అధఃపతనమునుండి పునరుత్థానసాక్షి పదవికెక్కిన ఒక్క స్త్రీ కథ కంటె తగిన దృష్టాంతము లేదు. ఆయన ఉద్దేశము నిందించుట గాదు, ఓదార్చుట. మేము ఆయనను దోషిగా నిలుపబోము. కాని ప్రసంగకర్త ‘నమ్ముచున్నాము’ అన్నది తరువాతివారికి ‘జరిగినది’ అయినది.

ప్రాచ్యమున గ్రీకు సంఘము ఈ మార్గమున పోలేదు. అచ్చట మువ్వురు స్త్రీలును మువ్వురుగనే నిలిచిరి. మగ్దలేనే వారికి సుగంధద్రవ్యములు మోసికొనిపోయిన పుణ్యస్త్రీలలో ఒకతె. ‘అపొస్తలులతో సమానురాలు’ అని ఆమెకు బిరుదము. ఒకే గ్రంథము, ఒకే మతము. నడుమ ఒక్క ప్రసంగము. రోము అధికారము చెల్లిన మేరకు ఆమె పశ్చాత్తాపిని. చెల్లని మేర అట్లు గాదు.

పశ్చిమమున కథ పెరుగుచు పోయినది. ఈజిప్టు మరియ యను మఱియొక పుణ్యస్త్రీ కలదు. వేశ్యావృత్తిని విడిచి అరణ్యమున దిగంబరయై తపస్సు చేసినదని ఆమె కథ. ఆమె వనవాసమును మగ్దలేనేకే వచ్చినది. ఫ్లారెన్సులో దొనతెల్లో పదునైదవ శతాబ్దమున కొయ్యతో చెక్కిన శుష్కదేహయైన మగ్దలేనే, నిలువెల్ల జుట్టే వస్త్రముగా నున్నది, నిజమునకు ఈ ఈజిప్టు మరియయే. చుక్కాని లేని నావలో ఆమె లాజరు, మార్తలతో మార్సేలు రేవు చేరెననియు, అచ్చటి కొండగుహలో 30 సంవత్సరములు తపస్సు చేసెననియు ఫ్రాన్సుదేశపు ఐతిహ్యము. పదునొకండవ శతాబ్దమున వెజిలే మఠము ఆమె యస్థికలు తమకడ నున్నవని ప్రకటింపగా యాత్రికులు విరగబడివచ్చిరి. 1279లో ప్రోవెన్సులోని సెయింట్ మాక్సిమిన్‌లో అసలైన యస్థికలు దొరికినవని మఱియొక ప్రకటన వెలువడెను. పదుమూడవ శతాబ్దమున యాకోబుస్ ద వొరాగినె కూర్చిన ‘సువర్ణ పురాణము’ ఈ కథలన్నిటిని ఐరోపా అంతట వ్యాపింపజేసెను.

గ్రంథపాఠమునకు మరలుదమని మొదట గట్టిగా పలికినవాడు ఫ్రాన్సు పండితుడు జాక్ లెఫెవ్ర్ దెతాప్ల్. ఆయన 1517లో మగ్దలేనేను గూర్చి చిన్న గ్రంథము వ్రాసి, వీరు వేర్వేరు స్త్రీలని సువార్తలనుండియే చూపెను. ఇంగ్లండు బిషప్పు జాన్ ఫిషర్ 1519లో దానిని ఖండించుచు, మగ్దలేనే ఒక్కతెయే యని గ్రంథము వ్రాసెను. ఫిషర్ వాదమున ఒక భయము కలదు: ఇంతకాలము సంఘము బోధించినది తప్పని యొప్పుకొన్నచో, సామాన్యులు మఱి దేనిని నమ్ముదురు? 1521లో పారిసు విశ్వవిద్యాలయపు వేదాంతశాఖ లెఫెవ్ర్ మతమును నిషేధించెను. పరిష్కర్తకు పాఠము తెలిసినను, ప్రచారమునందున్న పాఠమును మార్చుట ఎంత కష్టమో ఇందు తెలియుచున్నది.

ఈ పొరపాటు పండితుల గ్రంథములలోనే నిలిచియున్నచో దీనికై ఇంత వ్రాయ నక్కఱలేదు. పేరు లోకములోనికి వచ్చి పని చేసినది. వేశ్యలను సంస్కరించుటకని ఐరోపాలో వెలసిన మఠములకును, ఆశ్రమములకును ఈమె పేరు పెట్టిరి. 1758లో లండనులోను, 1767లో డబ్లినులోను అట్టి నిలయములు వెలసినవి. ఐర్లండులో అవి క్రమముగా బట్టలుతుకు కర్మశాలలుగా మాఱినవి. వానిలో చేరినవారందఱును పతితలు గారు. దిక్కులేని బాలికలు, పెండ్లికాని తల్లులు, నిరుపేదలు, మతిస్తిమితము లేనివారు వారిలో కలరు. కూలి లేని చాకిరి వారిది. ‘మగ్దలేను’ అనగానే పతిత యని భాషలో స్థిరపడుటచే, అచ్చట నున్నంతమాత్రాన వారికా ముద్ర పడినది. వానిలో కడపటిది 1996లో మూతపడెను. 1922 మొదలు అప్పటివఱకు దాదాపు 10,000 మంది స్త్రీలు వానిలో నుండిరని ప్రభుత్వ విచారణలో తేలినది. 2013 ఫిబ్రవరిలో ఐర్లండు ప్రధానమంత్రి శాసనసభలో వారికి క్షమాపణ చెప్పెను. సువార్తలో తన ధనముతో ఇతరులను పోషించిన స్త్రీ పేరు, కూలిలేక పనిచేసిన స్త్రీలకు నిందాపదమైనది.

ఇచ్చట యోహాను సువార్త 20వ అధ్యాయములోని ఒక పదమును గూర్చి చెప్పవలసియున్నది. అది తెలుగు చదువరికి ప్రత్యేకముగా సంబంధించినది. సమాధియొద్ద మరియ యేసును తోటమాలి యనుకొనెను. ఆయన పేరు పెట్టి పిలువగానే గుర్తించి ‘రబ్బూనీ’ యనెను. గురువును గౌరవముతోను చనువుతోను పిలుచు మాట అది. అపుడు యేసు చెప్పినది గ్రీకున ‘మే మూ హప్తూ’. లాటిను అనువాదము దీనిని తాకవద్దను నర్థమున చెప్పెను; మన సత్యవేదమున ‘ముట్టుకొను’ ధాతువు వాడబడినది. గ్రీకున నిషేధార్థకముతో వర్తమాన విధిక్రియ వచ్చినచో, జరుగుచున్న పనిని ఆపుమని సామాన్యార్థము. అనగా నన్ను పట్టుకొని యుండకుము, విడువుము, పోయి నా సహోదరులతో చెప్పుము అని తాత్పర్యము. ఆమెను పనిమీద పంపుచు చెప్పిన మాట యిది. కాని మన భాషలో ముట్టు, అంటు అను మాటలకు మైలతో సంబంధము కలదు. ఆమె పూర్వము పతిత యని విన్న చదువరికి ఈ మాట కనబడగానే, ఆమె యపవిత్రతచేతనే ముట్టవద్దనినాడని తోచుట సులభము. అట్లు వ్యాఖ్యానించువారిని మేము వినియున్నాము. అనువాదకులయందు దోషము లేదు. ‘హప్తొ’ ధాతువునకు ముట్టుట యర్థమే. గ్రెగొరీ అంటించిన కథయు, తెలుగు పదమునకు గల సంస్కారమును కలిసి, మూలమున లేని మూడవ యర్థమును పుట్టించినవి. ‘పట్టుకొనియుండవద్దు’ అన్నచో ఈ చిక్కు లేదు.

ఆమె నిజమైన పదవి ఏదో ఆ వాక్యముననే కలదు. పోయి చెప్పుమని పంపబడినది. పంపబడినవాడు అపొస్తలుడు, ఆ గ్రీకు పదమునకు అదియే వ్యుత్పత్తి. మధ్యయుగమునను ఈ స్మృతి పూర్తిగా నశింపలేదు. పదుమూడవ శతాబ్దమున థామస్ అక్వినాసు యోహాను సువార్త వ్యాఖ్యలో ఆమెను అపొస్తలులకు అపొస్తలురాలని పేర్కొనెను. చిత్రమేమనగా, ఆమెను పశ్చాత్తాపినిగ నమ్మినవారే ఈ బిరుదమును ఇచ్చిరి. అయినను లోకమునకు గుర్తున్నది మొదటిదే. రెండవ శతాబ్దమున క్రైస్తవమును ఎగతాళి చేసిన కెల్సుసు, పునరుత్థానమునకు సాక్షి ఒక మతిచలించిన ఆడుది యని వెక్కిరించెను. స్త్రీ సాక్ష్యమునకు ఆ కాలమున గల విలువ దీనివలన తెలియును. అట్టి సాక్ష్యమును నాలుగు సువార్తలును దాచక వ్రాసికొనుట, ఆ సంప్రదాయము ఎంత ప్రాచీనమై, తొలగింపరానిదై యుండెనో చూపుచున్నది.

ఇటీవలి కాలమున మఱియొక విపరీతము బయలుదేఱినది. వేశ్య గాదన్నవారు భార్య యనుచున్నారు. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదిలో దొరికిన కోప్తు భాషా గ్రంథములలో ‘ఫిలిప్పు సువార్త’ యొకటి. అందు మగ్దలేనే మరియ యేసునకు ‘కొయినోనోస్’ అనబడినది. సహచరి, భాగస్వామిని యని యర్థము. భార్య యను రూఢి దానికి లేదు. ఆయన ఆమెను ముద్దుపెట్టుకొనుచుండెనని చెప్పుచోట, ఎచ్చట నను మాట యుండవలసిన తావున పత్రము చిల్లిపడియున్నది. నోటిమీద అని పూరించినవారు కలరు. నుదురు, చెక్కిలి, చేయి అనియు పూరింపవచ్చును. చెదలు తినిన తాటియాకున తోచిన యక్షరమును పెట్టి కవి హృదయ మిదియే యనువారిని మనము చూచియున్నాము గదా! ‘మరియ సువార్త’ యని యింకొకటి కలదు. దాని కోప్తు ప్రతి 1896లో కైరోలో దొరకినను, తొలి ముద్రణము అచ్చుశాలలో నీటిగొట్టము పగిలి పాడగుటచేతను, యుద్ధములచేతను 1955 వఱకు వెలువడలేదు. అందు మొదటి 6 పుటలును, నడుమ 4 పుటలును లేవు. మిగిలిన భాగమున మరియ తాను పొందిన బోధను శిష్యులకు చెప్పగా, మనకు చెప్పనిది స్త్రీకి చెప్పెనా యని పేతురు ఆక్షేపించును. లేవి ఆమె పక్షమున మాటలాడును. ఇది చరిత్ర గాకపోవచ్చును. కాని రెండవ శతాబ్దమున ఆమె పేరు స్త్రీకి బోధించు అధికారము కలదా యను వివాదమునకు కేంద్రముగా నుండెనని దీనివలన తెలియును. ఆ కాలపువారికి ఆమె పతిత గాదు, ప్రియురాలును గాదు.

రోము సంఘము తన పంచాంగమును 1969లో సంస్కరించినపుడు, జూలై 22న వచ్చు ఆమె పర్వమునకు పూర్వము చదువుచుండిన లూకా 7వ అధ్యాయమును తొలగించి, యోహాను 20వ అధ్యాయమును నియమించెను. ప్రకటన లేదు, క్షమాపణ లేదు; పాఠము మాత్రము మాఱినది. 2016లో ఆ దినమును అపొస్తలుల పర్వములతో సమాన మగు స్థాయికి పెంచి, అక్వినాసు వాడిన బిరుదమును ఆరాధనాగ్రంథమున చేర్చిరి.

ఈ సంస్కరణములలో చిన్నదొకటి మాకు మిగుల ఆసక్తికరముగా తోచినది. అంత్యతీర్పును గూర్చిన మధ్యయుగపు లాటిను గీతము ‘దియెస్ ఇరె’ మిక్కిలి ప్రసిద్ధమైనది. మరియను క్షమించినవాడా యని ప్రభువును సంబోధించు పాద మొకటి అందు కలదు. శతాబ్దుల తరబడి పాడిన ఆ పాదమును, గీతమును క్రొత్త ప్రార్థనాగ్రంథమున చేర్చునపుడు సవరించిరి. ‘మరియను’ అను మాటను తీసివేసి, ‘పాపాత్మురాలైన స్త్రీని’ అను నర్థమిచ్చు పదమును ఉంచిరి. పాదమునకు ఉండవలసిన 8 అక్షరములును తప్పకుండ సరిపెట్టిరి. లూకా పేరు చెప్పని స్త్రీకి ఆ గీతమున నేడును పేరు లేదు.